రొమ్ము తీయకుండా గడ్డ మాత్రమే తీశాక రేడియేషన్: అపోహలు - వాస్తవాలు

"గడ్డ తీసేశారు, రిపోర్టులో అంచులు క్లియర్ అని వచ్చింది. ఇంకా కరెంటు (రేడియేషన్) పెట్టడం దేనికి డాక్టర్?" తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చికిత్స మధ్యలో వదిలేయడానికి కారణమయ్యేదీ ఈ అపోహే కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: అంచులు క్లియర్ అంటే క్యాన్సర్ మొత్తం పోయినట్టే.

వాస్తవం: తీసిన ముక్క అంచు దాకా క్యాన్సర్ రాలేదని మాత్రమే ఆ రిపోర్టు చెబుతుంది. మిగిలిన రొమ్ములో స్కానింగుకూ సర్జన్ చేతికీ అందని కణాలు ఉండొచ్చు. అమెరికాలో 1976లో మొదలైన బి-06 పరిశోధనలో అంచులు క్లియర్‌గా ఉన్న స్త్రీలను 20 ఏళ్లు గమనించారు. గడ్డ మాత్రమే తీసినవాళ్లలో 39 శాతం మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది. రేడియేషన్ కూడా తీసుకున్నవాళ్లలో అది 14 శాతమే. ఇప్పటి మందులతో ఈ అంకెలు రెండూ బాగా తగ్గాయి. అయినా రేడియేషన్ వల్ల కలిగే మేలు పోలేదు. పదివేల మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి 2011లో లెక్కగడితే, పదేళ్లలో నాలుగు తిరగబెట్టడాలను ఆపినచోట పదిహేనేళ్లకు ఒక మరణం తప్పినట్టు తేలింది. అందుకే రేడియేషన్‌ను నేను ఆపరేషన్‌లో రెండో సగంగానే చూస్తాను.

అపోహ: ఒంట్లో రేడియేషన్ ఉండిపోతుంది, పిల్లల్ని ఎత్తుకోకూడదు. జుట్టంతా ఊడిపోతుంది.

వాస్తవం: బయటి మెషీన్ నుంచి ఇచ్చే కిరణాలు మెషీన్ ఆగగానే ఆగిపోతాయి. పిల్లల్ని నిశ్చింతగా ఎత్తుకోండి. కిరణాలు తలకు తగలవు కాబట్టి తల మీద జుట్టు ఊడదు. అది కీమో వల్ల.

అపోహ: ఎడమ రొమ్ముకు ఇస్తే గుండె పాడైపోతుంది.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టింది కాదు. గుండెకు తగిలే డోసు పెరిగేకొద్దీ గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని 2013లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపింది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ఊపిరి బిగబట్టించి ఇస్తున్నాం. ఛాతీ నిండా గాలి పీల్చుకుంటే ఊపిరితిత్తులు ఉబ్బి, గుండె ఛాతీగోడకు దూరంగా జరుగుతుంది. ఆ కొద్ది సెకన్లలోనే కిరణాలు వదులుతాం. దగ్గొచ్చినా, ఊపిరి నిలవకపోయినా ఆపేసి మళ్లీ మొదలుపెడతాం. ప్లానింగ్ స్కాన్ రోజునే ఇది ప్రాక్టీసు చేయిస్తాం, కంగారు అక్కర్లేదు. పొగతాగే అలవాటుంటే మాత్రం మానేయాలి; రేడియేషన్ తర్వాత గుండెకూ ఊపిరితిత్తులకూ వచ్చే ముప్పును అది బాగా పెంచుతుంది.

అపోహ: చివరి సిట్టింగుతో చర్మం బాధ తీరిపోతుంది.

వాస్తవం: ఎరుపూ మంటా ఆ తర్వాత వారం, పది రోజుల్లోనే ఎక్కువగా ఉంటాయి. ఇంటికి వెళ్లాక పెరిగిందని బెదిరిపోకండి. చర్మం ఊడి నీరు కారితే మాత్రం వెంటనే చూపించుకోండి.

అపోహ: సిట్టింగులు తక్కువైతే వైద్యం సగమే.

వాస్తవం: ఒక్కో సిట్టింగుకు డోసు పెంచి రోజులు తగ్గిస్తాం. మూడు వారాల్లో 15 సిట్టింగులు ఇప్పుడు మామూలే. వారంలో 5 సిట్టింగులు కూడా ఐదేళ్ల ఫలితాల్లో అంతే బాగా పనిచేశాయని 2020లో బ్రిటన్ పరిశోధన చెప్పింది. ఎవరికి ఏది తగునో డాక్టరు చూసి నిర్ణయిస్తారు.

అపోహ: ఎంత వయసైనా రేడియేషన్ తప్పదు.

వాస్తవం: 65 దాటి, గడ్డ చిన్నదై, చంకలో గ్రంథులకు పాకకుండా, హార్మోన్ పాజిటివ్ (ఒంట్లోని హార్మోన్ల ఊతంతో పెరిగే రకం) అయితే రేడియేషన్ వదిలేసే వీలుంది. అలాంటివాళ్ల మీద చేసిన పరిశోధనలో రేడియేషన్ లేకపోతే పదేళ్లలో 9.5 శాతం మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది, తీసుకుంటే 0.9 శాతం. ఆయుష్షులో తేడా రాలేదు. కానీ ఆ స్త్రీలకు హార్మోన్ మాత్రల చికిత్స కూడా ఉంది. అందుకే రేడియేషన్ వద్దనే ముందు నేను అడిగేది ఒకటే: ఐదేళ్లపాటు రోజూ మాత్ర వేసుకోగలరా?