లాటే, లెచె, మన పాలగిన్నె

చిన్నీ, బుజ్జిగా,

మొన్న ఫోన్ లో అడిగారు కదా, "తాతయ్యా, స్కూల్లో స్పానిష్ టీచర్ పాలని లెచె అంటారు, కాఫీ షాప్ లో లాటే అంటే కూడా పాలేనంట, ఎవరిది కరెక్ట్" అని. ఇద్దరిదీ కరెక్టే. ఇటలీ వెళ్ళి ఉత్తి లాటే అడిగితే కాఫీ ఇవ్వరు, గ్లాసుడు పాలు తెచ్చి ముందు పెడతారు.

నా చిన్నప్పుడు ఇంట్లో తోడు అయిపోతే అమ్మ గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేది. నేను దారిలో చూపుడు వేలు ముంచి నాకేవాణ్ణి, ఇంటికొచ్చేసరికి సగం ఉండేది, దానికి వీపు మీద ఒకటి పడేది, అది వేరే కథ. చెప్పేదేంటంటే వీధిలో అయిదిళ్ళకీ తోడు ఒక ఇంటిదే, కానీ పెరుగు మాత్రం ఏ ఇంటి రుచి ఆ ఇంటిదే. ఒకరిది గడ్డ, ఒకరిది పులుపు, ఒకరిది నీళ్ళు.

భాషల్లో ఆ తోడిచ్చిన మొదటి ఇల్లు లాటిన్, అంటే పాత రోమ్ వాళ్ళ భాష. అక్కడ జనం నోట్లో పాలు అంటే లాక్తే. ఆ క, త పక్కపక్కన పలకడం నాలుక్కి కష్టం కదా, అందుకని ఇటలీ వాళ్ళు క ని మింగేసి త ని ఒత్తారు, లత్తె, మీ కాఫీ షాప్ లాటే ఇదే. స్పెయిన్ లో రెండూ కలిసిపోయి చ అయ్యింది, లెచె. పోర్చుగల్ లో క కరిగి ఇ అయ్యింది, లెయితె. ఫ్రాన్స్ వాళ్ళు రాయడానికి చివర త రాస్తారు గానీ నోటితో లే అని ఊరుకుంటారు, పెరుగు మొత్తం మజ్జిగైపోయినట్టు. ఇక రొమేనియా, డాన్యూబ్ నది అవతల ఉన్న ఇల్లు, క్రీ.శ. 106లో రోమ్ చక్రవర్తి ట్రాజన్ గెలిచిన నేల, అక్కడేమో లప్తె! క పోయి ప వచ్చింది. ఈ ప నాకు ఇప్పటికీ వింతే, తోడు గిన్నెలో ఎక్కడా లేని రుచి.

మనకీ ఉందర్రా ఇది. భక్తి జనం నోట్లో బత్తి అయ్యింది, క మింగి త ఒత్తడమే, అచ్చం ఇటలీ వాళ్ళలాగే. భిక్ష బిచ్చం అయ్యింది. అందుకే ఎవరైనా పెద్దావిడ లక్ష్మిని లచ్చి అంటే నవ్వకండి, ఆవిడ నోట్లో జరిగేది రోమ్ లో కూడా జరిగింది.

ఇంకో మాట ఇస్తా. ఎనిమిదికి లాటిన్ లో ఒక్తో, మీ అక్టోబర్ లో ఉన్నది అదే, వాళ్ళకి ఒకప్పుడు ఏడాది మార్చిలో మొదలయ్యేది కాబట్టి అది ఎనిమిదో నెల. ఇటలీలో ఒత్తొ, స్పెయిన్ లో ఒచొ, రొమేనియాలో ఒప్ట్, చూశారా మళ్ళీ ఆ ప. రాత్రికి లాటిన్ లో నోక్తే. ఇటలీలో, స్పెయిన్ లో, రొమేనియాలో దాన్ని ఏమంటారో పుస్తకం ముట్టకుండా మీరే కట్టండి, కట్టాక టీచర్ ని అడగండి. రొమేనియాది కొంచెం మెలిక పెడుతుంది, కానీ ప మాత్రం ఉంటుంది.

మీ నాన్నని అడగొద్దు, వాడు చిన్నప్పుడు తోడుకి పంపితే గిన్నే పోగొట్టుకొచ్చేవాడు.

తాతయ్య