పట్టి ఉంచాలా, వదిలేయాలా?

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బైక్ ఆగి ఉన్న కారును ఢీకొట్టిందనుకుందాం. ముందు చక్రం వెనక్కి నొక్కుకుపోతుంది, దాన్ని పట్టి ఉంచే ఫోర్కులు (రెండు పక్కల కడ్డీలు) వంగుతాయి, బండి ఆగిపోతుంది. నడిపే మనిషి మాత్రం ఆగడు. అదే వేగంతో ముందుకు జారతాడు. కటి భాగం ట్యాంకుకు కొట్టుకుంటుంది, బండి వెనక భాగం పైకి లేస్తుంది, ఆపైన తల వెళ్లి కారుకు తగులుతుంది.

ఇదే వేగం నుంచి ఒక మీటరు దూరంలో ఆగితే, శరీరం మీద పడే బలం సగటున దాని బరువుకు 10 రెట్లు. 10 సెంటీమీటర్లలోనే ఆగాల్సి వస్తే 100 రెట్లు. కారులో ముందు భాగం నలిగి ఆ దూరాన్ని ఇస్తుంది, సీటు బెల్టు మనిషికి దాన్ని అందిస్తుంది. బైక్‌లో నలగడానికి చోటే తక్కువ. ఉన్నా, బండికి కట్టి లేని మనిషికి దానివల్ల ఒరిగేది కొంచెమే.

మరి మనిషిని బండికి పట్టి ఉంచేలా బెల్టు పెట్టేస్తే? మామూలు బైక్‌కి పెడితే, పడినప్పుడు మనిషి బండితో పాటే ఈడ్చుకుపోతాడు. బెల్టు కావాలంటే చుట్టూ చట్రమూ ఉండాలి. బీఎండబ్ల్యూ సీ1 స్కూటర్‌లో ఆ రెండూ ఉండేవి: తలపైన అల్యూమినియం చట్రం, భుజాలకు బెల్టులు. జర్మనీలో దాన్ని హెల్మెట్ లేకుండా నడపనిచ్చారు, బ్రిటన్‌లో ఒప్పుకోలేదు. 2000లో వచ్చిన ఆ బండి తయారీ కొన్నేళ్లకే ఆగిపోయింది. ఆలోచన మంచిదేనని నాకనిపిస్తుంది. కానీ బైక్ కొనేవాళ్లకు కావాల్సింది అలాంటి బండి కాదేమో!

హోండా దారి వేరు. 2006లో తన పెద్ద బైక్ గోల్డ్‌వింగ్‌కు ఎయిర్‌బ్యాగ్ పెట్టింది. ఫోర్కుల మీద ఉన్న నాలుగు సెన్సర్లు దెబ్బను పసిగడితే, మనిషి ముందు సంచి ఉబ్బుతుంది. కారులో అయితే ఆ సంచి ఆనుకోవడానికి స్టీరింగ్, డ్యాష్‌బోర్డు ఉంటాయి. బైక్‌లో దాని ముందు ఉన్నది గాలే. అందుకే దాన్ని పట్టీలతో బండికి కట్టారు. గోల్డ్‌వింగ్ బాగా బరువైన బండి, దాని మీద నిటారుగా కూర్చుంటారు. ఆ రెండూ కలిసొచ్చాయి. తేలికైన బండి ముందుకు బోర్లాపడితే, మనిషి సంచి మీదుగా ఎగిరిపోవచ్చు.

కాళ్ల గొడవ ఇంకా పాతది. 1980ల్లో బ్రిటన్ పరిశోధకులు కాళ్లకు అడ్డుగా రక్షణ కవచాలు పెట్టి చూశారు. కాళ్లను ఆపితే ఒంటి కదలిక మారి తలకు దెబ్బ పెరుగుతుందని తయారీదారులు అభ్యంతరం చెప్పారు. ఏళ్ల తరబడి వాదన నడిచింది. 1996లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ నుంచి 13232 అనే ప్రమాణం వచ్చాక ఇలాంటి పరికరాలను తూచే పద్ధతి ఒకటి కుదిరింది: ఏడు రకాల ఢీకొట్టడాల్లో నిజమైన బండి, డమ్మీలతో (మనిషి ఆకారపు బొమ్మలతో) పరీక్ష, 200 రకాలకు కంప్యూటర్ లెక్క. ఒక పరికరం ఎన్ని గాయాలు తప్పించిందన్నదే కాదు, కొత్తగా ఎన్ని తెచ్చిపెట్టిందన్నదీ అందులో లెక్కకొస్తుంది.