చీని, నిమ్మ వైరస్‌లు: అపోహలు - వాస్తవాలు

బత్తాయి (సీమలో చీని), నిమ్మ తోటల నుంచి వచ్చే ఆకులను పరీక్షించడం నా పని. "వైరస్ ఉందో లేదో చెప్పండి సార్, చాలు" అంటారు రైతులు. కానీ అది చాలదు. ఏ వైరసో తెలిస్తేనే తోటలో ఏం చేయాలో తెలుస్తుంది.

అపోహ: వైరస్ అంటే ముళ్ల బంతి.

కరోనా బొమ్మ చూసి చూసి అలా నాటుకుపోయింది. చీని, నిమ్మ చెట్లకు సోకే ట్రిస్టిజా వైరస్ మాత్రం వంగే దారంలా ఉంటుంది. పొడవు సుమారు 2000 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు), మందం 11. మందాన్ని మిల్లీమీటరు అనుకుంటే పొడవు దాదాపు జానెడు! అందుకే కుటుంబం పేరు క్లోస్టెరోవిరిడే. గ్రీకులో క్లోస్టర్ అంటే కదురు. లోపల దాదాపు 19,300 అక్షరాల ఆర్ఎన్ఏ, అంటే వైరస్ జన్యు సమాచారం రాసి ఉన్న పోగు. దాదాపు పొడవునా ఒకే ప్రోటీన్ తొడుగు, ఒక చివర కొద్దిమేర వేరే ప్రోటీన్. ఇది ఆహారం మోసే నాళాల్లోనే ఉంటుంది కాబట్టి పరీక్షకు తొడిమ, నడి ఈనె, లేత బెరడు తీసుకుంటాం. నిమ్మ లేతాకును ఎండకు ఎత్తి పట్టండి, ఈనెల్లో అక్కడక్కడ తేటబడిన గీతలు కనిపిస్తాయి. ముదిరితే, బెరడు ఒలిచినప్పుడు చెక్క మీద సన్నటి గుంటలు తగులుతాయి.

అపోహ: ఒకే చెట్టుకు వచ్చేవన్నీ ఒకే వంశం.

బత్తాయి ఆకులను పసుపు మచ్చలతో నింపే మొజాయిక్ వైరస్‌కు, ట్రిస్టిజాకు చుట్టరికమే లేదు. ఇది మందు క్యాప్సూల్‌లా 130 నానోమీటర్ల పొడవు, 30 వెడల్పు. లోపల జన్యు పదార్థంగా ఉండేది ఆర్ఎన్ఏ కాదు, డీఎన్ఏ. బాసిల్లిఫామ్ (కడ్డీ ఆకారం), డీఎన్ఏ కలిపి బ్యాడ్నావైరస్ అన్నారు. వరికి వచ్చే టుంగ్రో తెగులుకు కారణమైన రెండు వైరస్‌లలో ఒకటి దీని కుటుంబమే. ట్రిస్టిజాను పేనుబంక మోస్తుంది, మొజాయిక్‌ను పిండినల్లి. రెండూ అంటు మొక్కలతోనూ వస్తాయి.

అపోహ: తొడుగు లేనిది బలహీనం.

చీని, నిమ్మ జాతికి సోకే, వైరస్ కన్నా చిన్నదైన ఎక్సోకార్టిస్ వైరాయిడ్‌కు ప్రోటీన్ తొడుగే లేదు. దాదాపు 371 అక్షరాల ఆర్ఎన్ఏ వలయం, అంతే. అయినా కత్తిరింపు కత్తెర అంచున నిలిచి పక్క చెట్టుకు పాకుతుంది. చెట్టుకీ చెట్టుకీ మధ్య కత్తెరను బ్లీచింగ్ ద్రావణంలో ముంచాల్సిందే.

అపోహ: ఆకు పసుపైతే వైరసే.

ఆకులను పసుపు చేసే గ్రీనింగ్ తెగులు బ్యాక్టీరియా వల్ల వస్తుంది. పోషక లోపమూ కావచ్చు.

అపోహ: పిచికారీతో వైరస్ పోతుంది.

ఈ మాట నమ్మి డబ్బు పోసుకున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పురుగు మందు పేనుబంకను తగ్గిస్తుంది గానీ, నాళాల్లో చేరిన వైరస్‌ను ఏ మందూ తీయలేదు. అంట్లు కొనేటప్పుడే అంటు కట్టే కన్ను (మొగ్గ) తీసిన తల్లి చెట్టుకు ఏయే పరీక్షలు చేశారో నర్సరీలో కాగితం అడిగి చూడండి.