ఆలుమగల మధ్య మూడో కుర్చీ

చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ‘కౌన్సెలింగ్‌కి వెళ్దామా’ అనే మాట వస్తే చాలు, గుండె జారిపోతుంది. నాలుగేళ్ల కిందట వేళచ్చేరిలో మా ఇంట్లో ఆ మాట నేనే అన్నాను. ‘అంటే విడాకుల దాకా వచ్చేశావా?’ అని అడిగారు మా ఆయన. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. దాని వెనక పెద్ద కథే ఉంది. అందులో కొంత ఈ ఊళ్లోనే నడిచింది.

మొదట మనకున్నది పెద్దమనుషులు. ఆలుమగలకు మాట పడకపోతే మేనమామో పెదనాన్నో వచ్చి వసారాలో కూర్చునేవారు. ఇద్దరూ చెప్పేదీ వినేవారు, కాదనను. కానీ విన్నాక తీర్పు చెప్పాలి కదా. ఆ తీర్పు ఎక్కువసార్లు ‘సర్దుకుపోమ్మా’ అనే ఉండేది. పిల్లను మళ్లీ బస్సెక్కించి పంపేసేవారు.

బతుకుతెరువు కోసం మద్రాసు వచ్చినవాళ్లకు ఆ పెద్దమనుషులూ దూరమయ్యారు. చెప్పుకోవడానికి మిగిలింది ఉత్తరం. 1950ల నుంచి దశాబ్దాలపాటు మాలతీ చందూర్ మద్రాసులో ఉంటూ ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక నడిపారు. ఇంట్లో ఎవరితోనూ అనలేని ప్రశ్నలు ఆడవాళ్లు ఆవిడకు రాసేవారు. మా అమ్మకు ఆ పేజీయే ముందు చదవాలి. అదెంత ఊరటో నాకు తెలుసు. అయితే ఉత్తరంలో ఒకరి మాటే ఉంటుంది. రెండోవాళ్లు పక్కగదిలో పేపరు చదువుకుంటూ ఉంటారు.

ఇద్దరినీ కూర్చోబెట్టే చోటు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలని పట్టుబట్టింది కూడా ఒక తెలుగావిడే. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. చిన్నప్పుడు పెద్దలు చేసిన పెళ్లిని ఎదిగాక కాదనుకుని బయటికొచ్చిన మనిషి. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసొచ్చారు. అలాంటివి మనకూ కావాలని నెహ్రూతోనూ, న్యాయమూర్తులు ఛాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోనూ మాట్లాడారు. 1981లో ఆవిడ పోయారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది.

ఆ చట్టం మంచిదే. ముందు రాజీకి ప్రయత్నించాలని 9వ సెక్షన్ చెబుతుంది. కోర్టుకు కౌన్సెలర్లను ఇచ్చింది. కానీ చాలామంది తెలుగువాళ్ల చెవిన ‘కౌన్సెలింగ్’ అనే మాట మొదట పడింది అక్కడే, విడాకుల అర్జీ పెట్టుకున్న తర్వాత. మా పిన్ని కూతురికి తోడుగా ఒకసారి కోర్టుకు వెళ్లాను. వరండాలో ఒకే బెంచీ. ఈ చివర తను, ఆ చివర అతను, మధ్యలో లాయరు ఫైళ్లు. లోపలికి పిలిచేసరికి ఇద్దరి మనసులూ ఎప్పుడో విరిగిపోయి ఉన్నాయి. అప్పుడు ఎంత మంచి కౌన్సెలర్ ఉండి ఏం లాభం?

విదేశాల్లోనూ ఈ దంపతుల కౌన్సెలింగ్ మొదట పెద్దమనుషుల పంచాయితీలాగే సాగింది. 1930లో లాస్ ఏంజెలస్‌లో పాల్ పోపెనో దంపతుల సలహా కేంద్రం తెరిచాడు. ‘తగనివాళ్లకు’ పిల్లలు పుట్టకూడదని వాదించిన మనిషి ఆయన. పెళ్లి నిలవాలన్నదే ఆయన పట్టుదల, మనుషులు ఎలా ఉన్నా సరే. ఎవరు సర్దుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లోనూ 1938లో దంపతులకు సలహాలిచ్చే మ్యారేజ్ గైడెన్స్ కౌన్సిల్ మొదలైంది.

సలహాలు చెప్పడం తగ్గించి, గొడవ ఎలా జరుగుతుందో గమనించడం మొదలెట్టాకే అసలు మార్పు వచ్చింది. అమెరికా మనస్తత్వవేత్తలు జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ కలిసి, తమ దగ్గరికొచ్చిన జంటలకు నాడి చూసే పరికరాలు తగిలించి మాట్లాడుకోమన్నారు. గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటుంటే ఎదుటివాళ్లు చెప్పేది బుర్రకెక్కదని గాట్‌మన్ అంటారు. మాట ఆపి ఓ 20 నిమిషాలు పత్రికలు చదువుకోమంటే, తిరిగి వచ్చాక అదే జంట నెమ్మదిగా మాట్లాడింది.

1970ల్లో కొందరు కౌన్సెలర్లు జంటల చేత ‘నువ్విది చెయ్యి, నేనది చేస్తా’ అని ఒప్పందాలు రాయించేవారు. చాలా జంటలు కొన్నాళ్లకు మళ్లీ మొదటికొచ్చాయి. అలా రాయించినవాళ్లలో ఒకరైన నీల్ జేకబ్‌సనే 1990ల్లో ఆండ్రూ క్రిస్టెన్సన్‌తో కలిసి, మారని గుణాలను ఒప్పుకోవడం కూడా చికిత్సలో చేర్చారు. 1980ల్లో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ ఇంకొంచెం లోపలికి వెళ్లారు. కోపం కింద ఉన్న భయాన్ని, ‘నీకు నేను అక్కర్లేదా’ అన్న ప్రశ్నను పైకి తెచ్చారు.

అడయార్‌లో మేం వెళ్లిన చోట అదే చూశాను. చిన్న గది, మూడు కుర్చీలు. డాక్టరమ్మది తమిళం కలిసిన తెలుగు. ‘రాత్రి పదింటికి తలుపు తీసేది నేనే, ఈయన చెప్పుల స్టాండు వైపు చూస్తూ లోపలికొస్తారు’ అన్నాను. ‘ఆమె ఏమన్నదీ మీ మాటల్లో చెప్పండి, జవాబు వద్దు’ అందావిడ. ‘నేను పనికిరానివాణ్ని అంటోంది’ అన్నారు మా ఆయన. కాదన్నాను. రెండోసారి ఆఫీసు టెన్షన్ గురించి చెప్పబోతే ఆవిడ ఆపేసింది. మూడోసారి చాలాసేపు ఊరుకుని, ‘పొద్దుట్నుంచీ నా కోసం చూసింది, నేను తన ముఖం చూడలేదు’ అన్నారు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నా మాట ఆయన నోట అలా వినడం అదే మొదలు. ఆవిడ ఎవరిది తప్పో చెప్పలేదు. చివరిదాకా చెప్పనే లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. కొట్టే మనిషి పక్కన భార్యను కూర్చోబెట్టి మనసు విప్పమనడం వైద్యం కాదు. ఇంటికెళ్లాక ఆ మాటలకే దెబ్బలు పడతాయి. అక్కడ ముందు కావలసింది భద్రత. గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది, ఆడవాళ్లు సాయం కోసం ఫోన్ చేయడానికి 181 నంబరు ఉంది.

మా ఇంట్లో గొడవలు ఇప్పటికీ ఉన్నాయి. గొంతు పెరగ్గానే ఆయన గడియారం చూసి ‘ఇరవై నిమిషాలు’ అంటారు, బాల్కనీలోకి వెళ్తారు. ఇదివరకూ అలాగే లేచి వెళ్లేవారు, కానీ తిరిగి వచ్చి మాట్లాడేవారు కాదు. ఆ తిరిగి రావడం అలవాటు కావడానికి మాకు ఐదు నెలలు పట్టింది.