కాలేజీ ఫుట్‌బాల్: ఏరికోరి తెచ్చుకున్న ఆటగాడిపైనే కేకలెందుకు?

2021 సెప్టెంబరు 25 రాత్రి అమెరికాలోని నార్మన్ పట్టణంలో, ఓక్లహోమా విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తన సొంత స్టేడియంలో వెస్ట్ వర్జీనియాతో ఆడుతుండగా, విద్యార్థుల గ్యాలరీ నుంచి "మాకు కేలబ్ కావాలి" అనే నినాదం మొదలైంది. ఆ సమయంలో మైదానంలో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసురుతూ దాడిని నడిపించే ఆటగాడిగా, ఉన్నది స్పెన్సర్ రాట్లర్. అంతకు రెండేళ్ల ముందు హైస్కూలు ముగించినప్పుడు ఐదు నక్షత్రాల (అత్యున్నత శ్రేణి) ఆటగాడిగా, ఆ స్థానంలో దేశంలోనే మేటిగా పేరుపొందిన ఆ కుర్రవాడు తమ జట్టులో చేరుతున్నాడని సంబరపడింది కూడా ఈ అభిమానులే. నినాదాలు మొదలైన రోజుకు జట్టు ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ రాత్రి సైతం 16-13 తేడాతో గెలిచింది. మరో రెండు వారాలకు, డాలస్‌లో టెక్సస్‌తో జరిగిన పోటీలో, 28-7తో వెనకబడిన దశలో బరిలోకి దిగిన మొదటి సంవత్సరం విద్యార్థి కేలబ్ విలియమ్స్ జట్టును 55-48తో గెలిపించాడు. సీజన్ ముగిశాక రాట్లర్ సౌత్ కరోలినా విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. కోచ్ లింకన్ రైలీ సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారడంతో కొద్ది నెలలకే కేలబ్ కూడా అక్కడికే చేరాడు. కావాలని కేకలు వేసి పిలిపించుకున్నవాడే వెళ్లిపోయేసరికి అతన్నీ తిట్టినవారు తక్కువేమీ కాదు.

ఈ చంచలత్వాన్ని జనం మనస్తత్వం అని తేల్చేయడం సులభమే కానీ, దాని వెనక వందేళ్లకు పైబడిన ఏర్పాటు ఒకటుంది. హైస్కూలు వదిలి మూడేళ్లు గడవనిదే అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఎవరినీ తీసుకోదు. అందుచేత పైకి రాదలచిన కుర్రవాడికి కాలేజీ జట్టు తప్ప దాదాపు మరో దారి లేదు. మరోవైపు, లక్ష మందికి పైగా పట్టే మిషిగన్ స్టేడియంలాంటివి నిండేది ఈ కుర్రవాళ్ల ఆటతోనే. డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు శుక్రవారం రాత్రి హైస్కూలు మ్యాచ్‌కూ శనివారం కాలేజీ మ్యాచ్‌కూ ఊళ్లకు ఊళ్లు కదలడం చూస్తూనే ఉంటాయి.

ఆటగాళ్లను ఆశచూపి తెచ్చుకోవడం ఈ ఆటతోపాటే పెరిగింది. 1904లో యేల్ జట్టు కెప్టెన్‌గా ఉన్న జేమ్స్ హోగన్‌కు ఉచిత చదువు, మ్యాచ్ ప్రోగ్రాం పుస్తకాల అమ్మకాల్లో వాటా, క్యాంపస్‌లో అమ్ముడయ్యే సిగరెట్లపై కమీషన్, క్యూబా విహారయాత్ర దక్కినట్లు మరుసటి ఏడాది ఒక పత్రిక బయటపెట్టింది. 1929లో కార్నెగీ ఫౌండేషన్ 112 విద్యాసంస్థలను పరిశీలించి, వాటిలో అత్యధిక భాగం ఆటగాళ్లకు ఏదో ఒక రూపంలో సొమ్ము ముట్టజెబుతున్నాయని తేల్చింది. 1956 నాటికి కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ ఆర్థిక అవసరంతో నిమిత్తం లేకుండా క్రీడా స్కాలర్‌షిప్‌లను అనుమతించింది. ఉద్యోగులన్న ముద్ర ఎక్కడ పడుతుందోనన్న భయంతో ఆటగాళ్లను "విద్యార్థి క్రీడాకారులు" అని పిలవాలని పట్టుబట్టింది కూడా ఆ కాలంలోనే. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఆటగాడొకరు మైదానంలో తలకు దెబ్బతగిలి మరణించగా, అతని భార్య కార్మికులకిచ్చే పరిహారం కోరింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదంటూ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో ఆమె అభ్యర్థనను తోసిపుచ్చింది.

ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసే మలుపు 1973లో వచ్చింది. అంతవరకు నాలుగేళ్లకూ ఇవ్వగలిగిన స్కాలర్‌షిప్‌ను ఆ ఏడాది ఎన్‌సీఏఏ ఒక్క సంవత్సరానికి కుదించింది. అంటే గాయపడినా, ఫామ్ కోల్పోయినా, కొత్త కోచ్‌కు నచ్చకపోయినా ఏడాది చివర దాన్ని పునరుద్ధరించకుండా వదిలేయవచ్చు. బహుళ సంవత్సరాల స్కాలర్‌షిప్‌లకు మళ్లీ అనుమతి దొరికేసరికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఈలోగా ఆటగాడు మరో విశ్వవిద్యాలయానికి మారితే సాధారణంగా ఒక సీజన్ ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది, ఎక్కడికి మారకూడదో చెప్పే అధికారం కూడా పాత జట్టుకు ఉండేది. కోచ్‌లు మాత్రం ఒప్పందం మధ్యలోనే, పెద్ద జీతానికి, మరునాడే మరో ఊరు వెళ్లిపోయేవారు. విధేయత అన్న భారమంతా ఆటగాడి భుజానే పడింది.

హైస్కూలు ఆటగాళ్ల ఎంపిక ఒక వినోదంగా మారడంతో ఈ భారం ఇంకా పెరిగింది. 1980లలో ప్రత్యేక పత్రికలు, డబ్బు కట్టి వినే ఫోన్ సేవలు హైస్కూలు ఆటగాళ్ల వార్తలు అందించేవి. ఆ తర్వాత రైవల్స్ వంటి వెబ్‌సైట్లు పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు నక్షత్రాలు ఇచ్చి ర్యాంకులు వేశాయి. ఫిబ్రవరిలో, ఏ కాలేజీలో చేరేదీ ఖాయం చేసే సంతకాల రోజున, బల్ల మీద వరసగా పేర్చిన వివిధ జట్ల టోపీల్లోంచి ఒకదాన్ని ఎత్తి తలకు పెట్టుకోవడం టీవీ దృశ్యమైంది. ఆ క్షణం నుంచే అభిమాని మనసులో ఆ పిల్లవాడు తమ ఆస్తి. ఇంకా ఒక్క బంతి కూడా విసరని వాడిపై పెంచుకున్న ఆశ తీరకపోతే, మోసపోయామన్న కోపం అతని మీదికే మళ్లుతుంది.

చాటుగా డబ్బు ఇవ్వడం మాత్రం ఆగలేదు. దొరికిపోయిన సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయానికి ఎన్‌సీఏఏ 1987 సీజన్ మొత్తాన్ని రద్దు చేసింది. 1988లో ఆ విశ్వవిద్యాలయం తానే ఆడకుండా ఉండిపోయింది. చట్టబద్ధమైన మార్పు నిబంధనల సడలింపు, కోర్టు తీర్పుల ద్వారా వచ్చింది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే మరో విశ్వవిద్యాలయానికి మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ఆన్‌లైన్ జాబితా, తెరుచుకుంది. 2021 జూన్‌లో, ఆటగాళ్లకిచ్చే చదువు సంబంధిత ప్రయోజనాలపై పరిమితులను ప్రశ్నించిన ఆల్‌స్టన్ కేసులో, అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. కొద్ది రోజులకే, జులై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకునే హక్కు పొందారు. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే తొలి ఏడాది ఒక్కొక్కటి సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు ఆటగాళ్లకు నేరుగా పంచే వీలు కలిగింది.

సొమ్ము తీసుకుంటున్నారు కనుక మాటలూ పడాల్సిందేనన్న వాదన ఇక్కడి నుంచే బలపడింది. 2025 ఏప్రిల్‌లో పారితోషికంపై వివాదం నడుస్తోందన్న వార్తల మధ్య టెనెసీ క్వార్టర్‌బ్యాక్ నికో యామలేయావా జట్టును వీడినప్పుడు, అంతకుముందు సీజన్‌లో అతను జట్టును జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్‌కు చేర్చాడన్న సంగతి చాలామందికి గుర్తు రాలేదు. కానీ ఆ వాదనకు చరిత్రలో ఆధారం లేదు. 2013 నవంబరు 30న ఆబర్న్‌తో 34-28తో ఓడిన మ్యాచ్‌లో అలబామా కిక్కర్ కేడ్ ఫోస్టర్ మూడు ఫీల్డ్ గోల్స్ (బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపడం) సాధించలేకపోయాడు. ఆ రాత్రే సొంత అభిమానుల నుంచి అతనికి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. అతని జెర్సీ నంబరు 43 కావడంతో, 43వ అధ్యక్షుడైన జార్జ్ డబ్ల్యూ. బుష్ తన చేతిరాతతో ఓదార్పు లేఖ పంపించారు. అప్పటి నిబంధనల ప్రకారం ఫోస్టర్‌కు తన పేరు మీద ఒక్క డాలరు కూడా సంపాదించుకునే హక్కు లేదు.

2018 మేలో సుప్రీంకోర్టు క్రీడా పందేలకు అడ్డుగా ఉన్న సమాఖ్య చట్టాన్ని కొట్టివేశాక, ఇలాంటి బెదిరింపులకు పందెంలో పోగొట్టుకున్నవారి అక్కసు కూడా తోడైంది. కాలేజీ ఆటగాళ్ల వ్యక్తిగత ప్రదర్శనపై పందేలను నిషేధించాలని ఎన్‌సీఏఏ రాష్ట్రాలను కోరుతూ వస్తోంది. ఒహాయో 2024లో ఆ పని చేసింది.