సిక్కోలు దాకా బీబీఏ వచ్చిన దారి

శ్రీకాకుళం, విజయనగరం వైపు డిగ్రీ అడ్మిషన్ల వేళ ఇప్పుడు ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది: "మీ బీబీఏకి ఏఐసీటీఈ అనుమతి ఉందా అండీ?" బీబీఏ అంటే వ్యాపార నిర్వహణ డిగ్రీ, ఏఐసీటీఈ అంటే సాంకేతిక విద్యను అజమాయిషీ చేసే ఢిల్లీలోని అఖిల భారత మండలి. 2023 దాకా ఈ మాట అడగాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు. పక్క గదిలో నడిచే బీకాంని ఇప్పటికీ ఎవరూ ఆ మాట అడగరు. మేడ ఒకటే, చాలాచోట్ల లెక్చరర్లూ వాళ్లే, మొదటి సెమిస్టర్ అకౌంటింగ్ పాఠం కూడా ఇంచుమించు అదే. అయినా ఒక కోర్సుకు ఢిల్లీ అనుమతి కావాలి, రెండోదానికి యూనివర్సిటీ గుర్తింపు చాలు.

ఈ తిరకాసు నిన్న మొన్నటిది కాదు. మన ప్రాంతంలో వ్యాపార చదువు ఎప్పుడూ పైనుంచి కిందికే దిగింది.

విజయనగరం మహారాజా వారి బడి 1857లో మొదలై 1879లో కాలేజీ అయింది. గురజాడ చదివిందీ, పాఠాలు చెప్పిందీ అక్కడే. ఆ రోజుల్లో కాలేజీ మెట్లెక్కేది సర్కారు కొలువు కోసం, ప్లీడరీ కోసం. వ్యాపారం నేర్చుకోవాలంటే కొట్లో గుమాస్తాగా చేరాలి. చిట్టా (రోజువారీ పద్దు) రాయడం, దాన్ని ఆవర్జాకి (ఖాతాల పుస్తకానికి) ఎక్కించడం, దీపావళికి కొత్త పద్దు తెరవడం అన్నీ గల్లాపెట్టె పక్కన కూర్చునే వచ్చేవి.

1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చింది. దేశంలో మొదటి రెండు ఐఐఎంలు 1961లో పుట్టాయి. వాటికంటే నాలుగేళ్ల ముందే, 1957లో, విశాఖ వాల్తేరులోని ఈ యూనివర్సిటీలో ఎంబీఏ మొదలైంది. ఉత్తరాంధ్ర ఈ సంగతి గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాల్సిందే. కానీ మేనేజ్‌మెంట్ అంటే పీజీ, అదీ విశాఖలోనే అన్న భావన కూడా అక్కడే పాతుకుపోయింది. డిగ్రీలో వ్యాపారం చదవాలనుకునే జిల్లా పిల్లాడికి మిగిలింది బీకాం.

1969లో పద్నాలుగు బ్యాంకులు జాతీయమయ్యాయి. ఊళ్లలో శాఖలు తెరుచుకున్నాయి. బ్యాంకు పరీక్షకు ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది గానీ, "బీకాం చేస్తే బ్యాంకు ఉద్యోగం" అనే మాట ఇళ్లలో స్థిరపడిపోయింది. అది రానివాళ్లు ఆడిటర్ దగ్గర చేరేవారు, లేదా ఏ జూట్ మిల్లు ఆఫీసులోనో కుదురుకునేవారు.

బీకాంకి ఒక గొప్ప సుళువు ఉండేది: తెలుగులో చదువుకోవచ్చు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వేసిన వాణిజ్య శాస్త్రం పుస్తకాల్లో జర్నల్ అంటే చిట్టా, లెడ్జర్ అంటే ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్ అంటే అంకణా, డిప్రిసియేషన్ అంటే తరుగుదల. అంకణా ఒక్కటి కొంచెం కొత్తగా అనిపించినా, మిగతావి కొట్టున్న ఇంట్లో పుట్టిన పిల్లలకు తాతల నోట విన్న మాటలే. కొట్టుకీ క్లాసుకీ మధ్య ఉన్న ఒకే ఒక్క వంతెన అది అని నేననుకుంటాను. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయ్యాక ఆ పుస్తకాలు మూలకు చేరాయి.

బీబీఏకి ఆ వంతెన ఎప్పుడూ లేదు. మన దగ్గర అది మొదట బీబీఎం అనే పేరుతో వచ్చింది, పూర్తిగా ఇంగ్లిష్‌లో. ప్రైవేటు డిగ్రీ కాలేజీలు పెరిగిన కాలంలో ఊరూరా బోర్డుల మీదికి ఎక్కింది. తర్వాత ఎక్కువచోట్ల బీబీఏగా మారింది. ఇంట్లోవాళ్లకు రెండు పేర్లూ ఒకటే అయోమయం. "ఎంబీఏకి ముందు చదివేదా?" అని అడిగేవారు. ఎంబీఏకి ఏ డిగ్రీ అయినా చాలు కాబట్టి దానికి సమాధానం చెప్పడం కూడా కష్టమే.

పైగా ఇంటర్‌లో సీఈసీ అంటేనే చిన్నచూపు. ఎంపీసీలో సీటు రాకపోతేనో, లెక్కలంటే భయమైతేనో చేరే గ్రూపని ముద్ర. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పిల్లలు ఇంజినీరింగ్ వైపు మళ్లారు, డిగ్రీ కాలేజీల్లో బెంచీలు పల్చబడ్డాయి. రాజాంలో పుట్టి, జూట్ మిల్లుతో మొదలుపెట్టి విమానాశ్రయాల దాకా వెళ్లిన జీఎంఆర్ సంస్థల జీఎం రావు గారు చదివింది కూడా ఆంధ్రా యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగే. వ్యాపారంలో పైకి రావాలంటే వ్యాపారం చదవాలని ఈ నేల మీద ఎవరికీ అనిపించకపోవడంలో వింతేముంది?

అదే 2008లో ఎచ్చెర్లలోని ఆంధ్రా యూనివర్సిటీ పీజీ కేంద్రం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. శ్రీకాకుళం జిల్లా కాలేజీలు దాని కిందికి వచ్చాయి. విజయనగరం కాలేజీలు మాత్రం ఆ తర్వాత కూడా విశాఖ వైపే చూశాయి. సొంత యూనివర్సిటీ వచ్చింది కదా, సిలబస్ కూడా సొంతమవుతుందని ఆశపడ్డవాళ్లున్నారు. డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రం రాష్ట్ర ఉన్నత విద్యామండలి దగ్గర తయారవుతుంది కాబట్టి ఆ ఆశ పెద్దగా తీరలేదు.

2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది చివర రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది చివర మరో రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. ఆలోచన మంచిదే. అసలు చిక్కు ఇక్కడే బయటపడింది.

పలాస జీడిపప్పు పరిశ్రమనే తీసుకోండి. చుట్టుపక్కల ఉద్దానం తోటల్లోని పిక్కలు (ఒలవని జీడి గింజలు) వేసవిలో వస్తాయి, పప్పు ఏడాది పొడుగునా అమ్మాలి. అంటే కొన్ని నెలల్లో కొన్న సరుకు మీద పెట్టుబడి నెలల తరబడి ఇరుక్కుంటుంది. స్థానిక పంట చాలకపోతే ఆఫ్రికా పిక్కలు తెప్పించాలి, డాలర్ ధర చూడాలి. పప్పుకు గ్రేడులున్నాయి: డబ్ల్యూ 320 అంటే పౌనుకు సుమారు 320 గింజలు తూగే గుండు పప్పు, 240 అంటే ఇంకా పెద్దది, ధరా ఎక్కువే. ఒలిచేటప్పుడు బద్ద అయితే రేటు పడిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని కూల్చినప్పుడు ముడిసరుకు రిస్క్ అంటే ఏమిటో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. వర్కింగ్ క్యాపిటల్, ఇన్వెంటరీ, ఫారిన్ ఎక్స్ఛేంజ్, క్వాలిటీ కంట్రోల్ అంటూ బీబీఏ పుస్తకంలో ఉన్న అధ్యాయాలన్నీ కాశీబుగ్గ చుట్టుపక్కల షెడ్లలో దొరుకుతాయి.

కానీ ఆ షెడ్లలో హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్ ఉండదు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి ముద్ర వేసేవాళ్లు ఉండరు. కుటుంబ వ్యాపారం, లెక్క బయటివాళ్లకు చూపించరు. ఇరవై ఏళ్ల కుర్రాడు పద్దు పుస్తకం చూస్తానంటే ఏ యజమాని ఒప్పుకుంటాడు? అందుకే పిల్లలు విశాఖ వెళ్లారు, కొందరు పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో ప్రయత్నించారు, చాలామంది ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి, అంటే డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు చదివే పద్ధతి, వచ్చింది. అది సర్దుకోకముందే ఏఐసీటీఈ 2024-25 నుంచి బీబీఏ, బీసీఏలను తన కిందికి తెచ్చింది. నిజానికి 1987 నాటి ఏఐసీటీఈ చట్టంలో సాంకేతిక విద్య నిర్వచనంలోనే మేనేజ్‌మెంట్ అనే మాట ఉంది. ఇన్నేళ్లూ దాన్ని ఎంబీఏ, పీజీడీఎం లాంటి పీజీ స్థాయి కోర్సుల వరకే వర్తింపజేశారు. ఇప్పుడు డిగ్రీ దాకా చాచారు. 2024లోనే బీబీఏకి ఒక నమూనా పాఠ్యప్రణాళిక కూడా విడుదల చేశారు. కామర్స్ అనే మాట ఆ నిర్వచనంలో లేదు, అందుకే బీకాం జోలికి ఎవరూ రాలేదు.

చిన్న ఊరి కాలేజీకి ఇది ఖర్చుల లెక్క. ఇరవై మంది చేరే కోర్సు కోసం దరఖాస్తులు, అధ్యాపకుల అర్హతల పత్రాలు, తనిఖీల టెన్షన్ పెట్టుకోవాలా, లేక అదే పిల్లల్ని బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌లో కూర్చోబెట్టాలా? మరోవైపు భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు పేర్లు చెప్పి లాజిస్టిక్స్ బీబీఏకి ఇప్పుడు గిరాకీ ఉంటుందనే ఆశ కూడా ఉంది.

లాజిస్టిక్స్ ఈ ప్రాంతానికి కొత్త కాదు. సాలూరు లారీల ఊరుగా రాష్ట్రమంతటికీ తెలుసు. ఏ సరుకు ఎటు వెళ్తుంది, తిరుగు లోడు ఎక్కడ దొరుకుతుంది, డీజిల్ పోను ఎంత మిగులుతుంది అన్న లెక్క అక్కడ ఫోన్ల మీదే తేలిపోతుంది. ఆ లెక్క చెప్పగలిగినవాళ్లను క్లాసుకు పిలిచే వీలు మాత్రం ఇప్పటిదాకా వచ్చిన ఏ సిలబస్‌లోనూ సరిగ్గా కుదరలేదు.