ఘాట్ దిగాక బ్రేక్ కొడితే స్టీరింగ్ ఎందుకు ఒణుకుతుంది?

తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు సగం దారిలో కాలిన వాసన వస్తుంది కదా, చాలామంది క్లచ్ అనుకుంటారు గానీ ఎక్కువసార్లు అది బ్రేక్ ప్యాడ్ల (చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కుని రెండువైపులా నొక్కిపట్టి ఆపే ముక్కల) వాసనే. 1500 కిలోల కారు ఓ 700 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు కోటి జౌల్స్ ఎనర్జీని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి, అంటే 100 స్పీడ్‌లో పోయే కారుని 17, 18 సార్లు పూర్తిగా ఆపినంత పని. సెకండ్ గేర్‌లో దిగితే అందులో చాలావరకు ఇంజినే మింగేస్తుంది, పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ళకి మాత్రం దాదాపు మొత్తం డిస్కుల నెత్తినే పడుతుంది (నిజానికి ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తేనే పెట్రోల్ ఆగేది, న్యూట్రల్‌లో కాదు).

ముందు డిస్క్ ఒక్కోటి 6 కిలోల పోత ఇనుము అనుకుంటే, 100 నుంచి ఒక్కసారి ఆపితే దాని వేడి 70 డిగ్రీలు పెరుగుతుంది. మధ్యలో గాలి తగిలితే చల్లారిపోతుంది, ఘాట్‌లో మనం ఆ టైమ్ ఇవ్వం. అప్పుడు ప్యాడ్ పట్టు తగ్గుతుంది, ఇంకా ముదిరితే బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దాకా ఆగాలి, ఏళ్ళతరబడి తేమ పీల్చుకున్నది 140కే మరిగిపోవచ్చు, లైన్‌లో ఆవిరి చేరితే పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది.

ఇక ఒణుకు సంగతి. షెడ్డులో "డిస్క్ బెండ్ అయింది సార్" అంటారు, చాలా కేసుల్లో అది వంగి ఉండదు, మందంలో తేడా వచ్చి ఉంటుంది. బాగా వేడెక్కిన డిస్కుని ఆపి పెడల్ మీద కాలు అలాగే నొక్కిపెడితే ప్యాడ్ మెటీరియల్ ఆ చోట అంటుకుంటుంది, తర్వాత అక్కడే రాపిడి ఎక్కువ, వేడీ ఎక్కువ, అది 700 డిగ్రీలు దాటితే ఇనుము ఆ మచ్చ దగ్గర గట్టిపడి మిగతా డిస్క్ కంటే నెమ్మదిగా అరుగుతుంది. తేడా 15 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా ఉండదు, అయినా పెడల్‌లో తెలిసిపోతుంది. వీల్ నట్లు గన్‌తో ఎడాపెడా బిగించినా, హబ్ (డిస్క్, చక్రం బిగించే భాగం) మీద తుప్పు ఉండగానే డిస్క్ ఎక్కించినా అది కాస్త ఊగుతూ తిరిగి కొన్ని వేల కిలోమీటర్లకి ఇదే రోగం తెచ్చుకుంటుంది.

40లో తెలియనిది 100లో ఎందుకు తెలుస్తుందంటే, ఆ స్పీడ్‌లో చక్రం సెకనుకి 14, 15 సార్లు తిరుగుతుంది, సస్పెన్షన్, స్టీరింగ్ సహజంగా ఊగే లెక్క కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది, రెండూ కలిస్తే చేతులు అదురుతాయి. బ్రేక్ కొట్టకుండానే ఒణికితే మాత్రం ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి.

డిస్కుని లేత్ మీద చెక్కిస్తే కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, కానీ గట్టిపడిన మచ్చ లోపలికి దిగి ఉంటే మళ్ళీ మొదలు, పైగా డిస్క్ పల్చబడితే ఇంకా తొందరగా వేడెక్కుతుంది. డిస్క్ మీద మినిమమ్ థిక్‌నెస్ నంబర్ ఉంటుంది, చెక్కాక మందం దానికంటే తగ్గేలా ఉంటే లేత్ ఖర్చు దండగ, కొత్త డిస్కులే వేయించాలి, అదీ రెండు వైపులా.